సీజను టిక్కెట్టు కొనుట, మానుట

(బొమ్మసంద్రలో మన సంఘమువారి నెలసరి సభయందు ఆదివారము సాయంకాలము చేసిన ప్రసంగపాఠము)



ఫుట్‌బాలు ఆటకు సీజను టిక్కెట్టు కొనవలెనా, మానవలెనా యను విషయమును గూర్చి ఈ వేదికపై మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. ఈ సభలో సాధారణముగా పద్యమును గూర్చియో, పండుగను గూర్చియో, పిల్లల తెలుగు తరగతులను గూర్చియో మాటలాడుచుందుము. కాని గత మాసమున మన పఠనమందిరములో జరిగిన ఒక చిన్న సంవాదము మమ్ము ఈ విషయమునకు లాగినది. దానిని మొదట మీకు విన్నవింతుము.

మన సభ్యులలో నలుగురు యువకులు కొన్ని సంవత్సరములుగా కంఠీరవ క్రీడాంగణములో జరుగు ఫుట్‌బాలు ఆటలకు సీజను టిక్కెట్లు కొనుచు వచ్చిరి. నలుగురును ఇక్కడి కర్మాగారములలో పనిచేయువారే. ఆనాడు వారిలో ఇద్దరు తాము ఇకమీదట కొనబోమనిరి. ఒకడు తాను కొనితీరుదుననెను. నాలుగవవాడు ఇంకను ఆలోచించుచున్నాననెను. మాటకు మాట పెరిగినది. మానుదుమన్న వారిలో మొదటివాని కారణము సులభముగనే తెలిసినది: షిఫ్టు మారినది, రాత్రివేళ ఇల్లు చేరుట కష్టము. రెండవవాని కారణము వేరు. "మా హైదరాబాదు జట్టు ఊరు విడిచి ఢిల్లీకి పోయినది. ఈ ఊరి జట్టు మనది కాదు. ఎవరి కొరకు కొనవలెను?" అని అతడు లేచి వెళ్ళిపోయెను. మూలన చదరంగమాడుచున్న పెద్దలు కూడ తలలెత్తి చూచిరి.

ఆ ప్రశ్నకు అక్కడ ఎవరును బదులు చెప్పలేదు. ఈ ప్రసంగము దానికి బదులు వెదకుటకు మేము చేసిన ప్రయత్నము.

సీజను టిక్కెట్టనగానే మనలో పెద్దలకు రైలు జ్ఞాపకమునకు వచ్చును. హోసూరునుండియో, హీలలిగె స్టేషనునుండియో పట్టణమునకు నిత్యము పోవువారు నెలకొకమారు పైకము చెల్లించి టిక్కెట్టు జేబులో వేసికొందురు. రైలు సీజను టిక్కెట్టు లెక్కకు లొంగునది. పనికి పోక తప్పదు. పోవుదినములను లెక్కించినచో లాభము తేలును. ఆట సంగతి అట్లు కాదు. ఆటకు పోక తప్పదను నియమము ఎవరికిని లేదు. ఏ ఆట రసవత్తరముగ నుండునో, ఏది చప్పగ నుండునో, ఏ ఆటగాడు గాయపడునో ముందుగ తెలియదు. ఇది రైలు టిక్కెట్టుకంటె మామిడితోటను పూతదశలో గుత్తకు పట్టుటను పోలియున్నది. పూత చూచి పైకము చెల్లింతుము. గాలివాన వచ్చినను, పిందె రాలినను, ఆ పైకము తిరిగి రాదు. తోటను గుత్తకు పట్టువాడు లాభమును కోరి పట్టును. మరి ఆటను గుత్తకు పట్టువాడు దేనిని కోరి పట్టుచున్నాడు?

మొదటి కోరిక తగ్గింపు ధర. దీనిని కాదనలేము. 2024-25 సంవత్సరపు ఇండియన్ సూపర్ లీగులో 13 జట్లు ఆడినవి. ప్రతి జట్టును 24 ఆటలాడెను. అందు 12 సొంత మైదానమున జరిగినవి. పన్నెండింటికి పన్నెండు టిక్కెట్లు విడివిడిగ కొనుటకంటె ఒక్కసారి కొనుట చౌక. కాని పన్నెండింటికిని పోగలవాడు ఎందరిలో ఒకడు? షిఫ్టు పనివానికి ఏడెనిమిది దక్కుట గగనము. అప్పుడు లెక్క సరికి సరి యగును, లేదా నష్టమే తేలును. అయినను కొనుచున్నారు. కాబట్టి ధర ఒక్కటియే కారణము కాజాలదు.

రెండవ కోరిక, తన మనసును తానే కట్టివేసికొనుట. పగలెల్ల పనిచేసి వచ్చినవాడు సాయంకాలము మంచముపై వాలి, "ఈరోజు పోనేల?" అనుకొనును. టిక్కెట్టు ముందే కొనియున్నచో, పైకము వృథాపోవునను బాధ వానిని లేవదీయును. దీనిని పరీక్షించి చూచినవారు కలరు. అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయపు నాటకశాలలో సీజను టిక్కెట్టు కొనవచ్చినవారిలో కొందరికి పూర్తి ధరకును, కొందరికి తగ్గించిన ధరకును టిక్కెట్లిచ్చిరి. ఎవరికి ఏ ధర యనునది ముందుగ నిర్ణయించినది కాదు. చీట్లు తీసినట్లు వచ్చినదే. ఈ పరీక్షను ఆర్కెస్, బ్లూమర్ అను ఇరువురు పరిశోధకులు 1985లో ప్రకటించిరి. పూర్తి ధర చెల్లించినవారే ఎక్కువ నాటకములకు వచ్చిరట. అందరికిని అవే నాటకములు, అవే కుర్చీలు. చేయి దాటిపోయిన పైకము మాత్రమే వేరు. కాని ఆ తేడా సంవత్సరపు తొలి సగములోనే స్పష్టముగ కనబడినది. మలి సగమున అది మాసిపోయినది.

ఈ రెండవ సంగతి మాకు ముఖ్యముగ తోచినది. చెల్లించిన ధర మనుష్యుని సగము దూరమే నడిపించును. తక్కిన సగము నడిపింపవలసినది మరియొకటి.

ఆ మరియొకటి యేమో స్టేడియములో కూర్చున్నవారికి తెలియును. అది పక్క కుర్చీ. విడి టిక్కెట్టు కొన్నవాడు ప్రతి ఆటకును కొత్తవారి నడుమ కూర్చుండును. సీజను టిక్కెట్టువాడు నెలల తరబడి అవే ముఖములను చూచును. ముందు వరుసలోని ముసలాయన గోలుకు ముందే లేచి నిలుచునని ఎరుగును. వెనుక కూర్చుండు పిల్లవాడు ఈ యేడు ఏ తరగతికి వచ్చెనో ఎరుగును. ఎన్నడును వచ్చువాడు రాకపోయినచో, ఒంట్లో బాగులేదేమో యని అడుగుదురు. మన ఊళ్ళలో రచ్చబండ మీద ఎవరి చోటు వారికి ఉండెడిది. ఆ చోటు ఖాళీగ నున్నచో నలుగురును గమనించెడివారు. సొంత ఊరు విడిచి వచ్చినవానికి, తాను రాకున్న గమనించువారు ఒక పదిమంది కలరనుట చిన్న సంగతి కాదు. వాడు ఆ పదిమంది కొరకే చొక్కా మార్చుకొని బయలుదేరును.

జర్మనీ దేశమున డార్ట్‌మండు క్లబ్బునకు సుమారు 55,000 మంది సీజను టిక్కెట్టుదారులు కలరు. వారి స్టేడియములో దక్షిణపు వైపున సుమారు 25,000 మంది నిలుచుండియే ఆట చూతురు. వారికి ఆట ఎంతయో, ఆ నిలుచుట అంత. బెంగుళూరులోను వెస్ట్ బ్లాక్ బ్లూస్ అను అభిమానిబృందము అట్టిదే. కంఠీరవ పడమటి వైపున చేరి, తొంబది నిమిషములును కూర్చుండక పాడువారు వీరు.

ఇక ఈ నగరమునకును ఫుట్‌బాలునకును గల సంబంధము నిన్న మొన్నటిది కాదు. 1937లో బొంబాయి రోవర్సు కప్పును గెలిచినది బెంగుళూరు ముస్లిమ్స్ జట్టు. అంతవరకు బ్రిటిషు దళముల జట్లే గెలుచుచుండిన ఆ కప్పును తొలుత గెలిచిన భారతీయ జట్టు అదియే. మరుసటి యేడు మరల గెలిచెను. 1948 లండను ఒలింపిక్సులో ఫ్రాన్సుపై మన దేశము చేసిన ఏకైక గోలు బెంగుళూరువాడగు సారంగపాణి రామన్ చేసినది. ఆ రోజులలోనే అహ్మద్ ఖాన్ ఇచ్చటినుండి కలకత్తా పోయి ఈస్ట్ బెంగాల్ జట్టున ఆడెను. అక్కడివారు అతనిని తమ పంచపాండవులలో ఒకనిగ ఎంచుకొనిరి. హలసూరు చెంత గౌతమపురములో బ్రెజిలు ఆటగాడు పేలే విగ్రహము నేటికిని నిలిచియున్నది.

ఇట్టి నగరములో 2013లో బెంగుళూరు ఫుట్‌బాలు క్లబ్బు వెలసెను. మొదటి సంవత్సరముననే ఐ-లీగు గెలిచెను. మొదట అశోకనగరపు ఫుట్‌బాలు స్టేడియములో ఆడి, 2014లో కంఠీరవకు మారెను. 2016 అక్టోబరు 19న, అప్పటి విజేతయగు మలేసియావారి జొహోర్ జట్టును కంఠీరవలో 3-1 గోలులతో ఓడించి, ఆసియా ఫుట్‌బాలు సమాఖ్య కప్పు తుదిపోటీకి చేరిన తొలి భారతీయ క్లబ్బు అయ్యెను. ఆ రాత్రి సునీల్ ఛెత్రీ రెండు గోలులు చేసెను. ఆ తుదిపోటీలో ఇరాకువారి జట్టు చేతిలో ఓడినను, 2019 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు గెలిచెను. కాని దానికి ముందటి యేడు, అనగా 2018 మార్చి 17న, ఇదే లీగు తుదిపోటీ కంఠీరవలోనే జరుగగా చెన్నయి జట్టు చేతిలో 3-2తో ఓడినది. సొంత మైదానమున, సొంత జనుల యెదుట ఓడుటకంటె పెద్ద దెబ్బ అభిమానికి లేదు. మన నలుగురిలో ఇద్దరు ఆనాడు అచ్చట ఉండిరి. దాని తరువాతను వారు టిక్కెట్టు కొనిరి.

ఇచ్చటనే మనము ఒక అపోహను విడువవలెను. జట్టు ఓడినందున అభిమాని టిక్కెట్టు మానునని చాలమంది తలతురు. తాత్కాలికముగ వచ్చిపోవువాని విషయమున అది నిజమే. సీజను టిక్కెట్టువాడు ఓటమిని ఓర్చుకొనును. నెత్తి కొట్టుకొని, నిర్వాహకులను తిట్టి, మరల వచ్చును. అతడు మానుటకు కారణములు వేరు. మా యెరుకకు వచ్చినంతవరకు అవి మూడు: దారి, ధర, అనాదరము.

దారి సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. బొమ్మసంద్ర నుండి కంఠీరవకు 20 కిలోమీటర్లు మించిన దూరము. రాత్రి ఏడున్నరకు ఆట యనిన, నాలుగున్నరకే బస్సెక్కవలెను. ఎలక్ట్రానిక్ సిటీ మీదుగ పై వంతెన 2010లో వచ్చినను, అది దిగిన చోట సిల్కుబోర్డు కూడలి కాచుకొని యుండును. ఆ కూడలిలో నిలిచిన బస్సులోనే మొదటి గోలు సంగతి ఫోనులో చూచిన రాత్రులు మన యువకులకు కలవు. ఆట ముగియునప్పటికి తొమ్మిదిన్నర. ఇల్లు చేరునప్పటికి పదకొండున్నర. మరునాటి ఉదయము ఆరింటికి షిఫ్టు. ఇట్లు పన్నెండు రాత్రులు. మొదటి యువకుడు మానుటలో తప్పేమున్నది? అతడు ఆటను ప్రేమింపలేదని ఎవరైన అనినచో, వారు ఎన్నడును హోసూరు రోడ్డున రాత్రి ప్రయాణము చేయనివారే అయి యుందురు.

ఈ దారి కష్టమునకు ఒక ఊరట కలిగినది. 2025 ఆగస్టు 10న మెట్రో పసుపు మార్గము ప్రారంభమై, మరునాటినుండి ప్రజలకు అందినది. రాష్ట్రీయ విద్యాలయ రోడ్డునుండి బొమ్మసంద్ర వరకు 19 కిలోమీటర్లు, 16 స్టేషనులు. మొదట మూడే బండ్లుండి 25 నిమిషములకొకటి నడిచెడిది. పిమ్మట బండ్లు పెరిగినవి. ఇచ్చట ఎక్కి, రాష్ట్రీయ విద్యాలయ రోడ్డులో ఆకుపచ్చ మార్గమునకును, మెజెస్టికులో ఊదారంగు మార్గమునకును మారి, కబ్బన్ పార్కులో దిగినచో కంఠీరవ నడకదూరము. సిల్కుబోర్డు మీదుగనే పోవుదుము గాని, దాని పైనుండి పోవుదుము.

కాని విధి విలాసము చూడుడు. రైలు వచ్చినది; ఆట ఆగినది. అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్యకును, లీగును నడుపుచుండిన సంస్థకును గల ఒప్పందము గడువు దగ్గరపడగా, 2025 జూలైలో లీగు నిలిపివేయబడినది. సెప్టెంబరులో ఆరంభము కావలసిన ఆటలు ఆరంభము కాలేదు. 2026 జనవరి వచ్చువరకు ఆరంభ తేదీ కూడ తెలియలేదు. పూతయే కనబడని తోటను గుత్తకు పట్టుటెట్లు?

రెండవ కారణము ధర. ధర హెచ్చుటకంటె, ఎవరిని అడిగి హెచ్చించిరను ప్రశ్నయే అభిమానిని నొప్పించును. దీనికి ఇంగ్లండు దేశమున ఒక చక్కని దృష్టాంతము కలదు. లివర్‌పూల్ క్లబ్బువారు తమ స్టేడియమున కొన్ని కుర్చీలకు వచ్చు సంవత్సరమునుండి 77 పౌండ్ల ధర నిర్ణయించిరి. 2016 ఫిబ్రవరి 6న సండర్లాండుతో ఆట జరుగుచుండెను. లివర్‌పూల్ రెండు గోలులతో ముందున్నది. సరిగ 77వ నిమిషమున వేలమంది అభిమానులు లేచి, బయటకు నడిచిపోయిరి. వారు పోయిన పిదప సండర్లాండు రెండు గోలులు చేయగా ఆట సమముగ ముగిసినది. కొలది దినములలోనే యజమానులు ఆ ధరను ఉపసంహరించి, క్షమాపణ చెప్పుకొనిరి. గెలుచుచున్న జట్టును విడిచి వెళ్ళినవారికి ఆటపై ప్రేమ లేదందుమా? ప్రేమ ఉన్నందుననే ఆ నిష్క్రమణమునకు విలువ కలిగినది.

మూడవది అనాదరము. మన రెండవ యువకుని బాధ ఇందులోనిది. కావున దీనిని కొంత వివరముగ చెప్పవలసియున్నది.

హైదరాబాదునకు ఫుట్‌బాలులో గొప్ప వంశచరిత్ర కలదు. బడిపంతులుగ నుండిన సయ్యద్ అబ్దుల్ రహీము శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగ ఐదేండ్లు రోవర్సు కప్పు గెలిచెను. రహీము శిక్షణలోనే మన దేశము 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలోను, 1962లో జకార్తాలోను స్వర్ణము గెలిచెను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందెను. 1963లో రహీము మరణించిన తరువాత ఆ వైభవము మెల్లమెల్లగ మాసినది. 2019లో హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు స్థాపింపబడి గచ్చిబౌలిలో ఆడనారంభించినప్పుడు, పాతవారికి పోయిన ప్రాణము లేచివచ్చినట్లయినది. మన యువకుడు అప్పుడు సెలవు పెట్టి, రాత్రి బస్సున పోయి ఆట చూచి వచ్చెడివాడు.

మొదటి యేడు జట్టు అట్టడుగున నిలిచినది. తరువాత మహమ్మారి వచ్చినందున రెండు సంవత్సరముల ఆటలన్నియు గోవాలోనే జరిగినవి. ఆ రెండవ యేటనే, 2022 మార్చి 20న, హైదరాబాదు జట్టు కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి విజేత యయ్యెను. ఆనాడు గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి నిలువరించిన బంతులను మన పఠనమందిరపు టెలివిజనులో చూచి ఎగిరినవారు ఇక్కడనే కలరు. అయినను ఒక్క సంగతి గమనింపుడు. హైదరాబాదు విజేతయైన ఆ యేట హైదరాబాదులో ఒక్క ఆటయు జరుగలేదు. గెలుపు పొందిన జట్టు ఒక చోట. దానిని ప్రేమించిన ఊరు మరియొక చోట.

మరుసటి యేడు జట్టు గచ్చిబౌలికి తిరిగి వచ్చి లీగులో రెండవ స్థానము పొందెను. ఆ పిదప పతనము. 2023-24లో జీతములు బాకీపడినవి. ఆటగాండ్రును శిక్షకులును ఒకరి వెనుక ఒకరు వెడలిరి. కుర్రవాండ్రతో ఆడి జట్టు చివరి స్థానమున నిలిచినది. యాజమాన్యము మారినది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి, పేరును కూడ మార్చుకొనినది. గచ్చిబౌలిలో ఏండ్ల తరబడి అదే కుర్చీలో కూర్చున్నవాని టిక్కెట్టుకు అర్థము లేకపోయినది. అతడు మానలేదు; మానుటకు అతనికి అవకాశమే మిగులలేదు.

ఇట్టిదే ఇంగ్లండులో 2002లో జరిగినది. లండనులోని వింబుల్డను క్లబ్బును మిల్టన్ కీన్స్ అను దూరపు పట్టణమునకు తరలించుటకు అనుమతి లభించెను. అభిమానులు తమ టిక్కెట్లు విడిచి, ఊరిలోనే కొత్త క్లబ్బు పెట్టుకొనిరి. ఊరి మైదానమున పిలుపునిచ్చి ఆటగాండ్రను ఎంచుకొని, దిగువ తరగతి పోటీలనుండి మొదలిడిరి. 2011లో దేశపు నాలుగవ శ్రేణికి ఎక్కిరి. 2020లో తమ పాత పేటలోనే కొత్త స్టేడియము కట్టుకొనిరి. క్లబ్బు వెడలినను ఊరు వెడలలేదని వారు నిరూపించిరి. కాని దానికి 18 ఏండ్లు పట్టినది. మన యువకుని ఆగ్రహము నేటిది. దానిని మనము ఓర్పుతో వినవలెను.

ఇప్పుడు అతడన్న మాటకు మరలుదము. "మా హైదరాబాదు జట్టు" అనెను. "ఈ ఊరి జట్టు మనది కాదు" అనెను. తెలుగులో మనకు 'మేము' అనియు, 'మనము' అనియు రెండు మాటలు కలవు. వినువానిని బయట నిలిపినప్పుడు 'మేము'. వానిని కలుపుకొన్నప్పుడు 'మనము'. పసిపిల్లవాడు కూడ ఈ భేదమును తప్పడు. మన పొరుగు భాషయగు నేటి కన్నడమున 'నావు' అను ఒక్క మాటయే కలదు. 'నమ్మ బెంగళూరు' అనినప్పుడు మమ్ము కలుపుకొనిరా, బయట నిలిపిరా యనునది ఆ మాటలో తెలియదు. వినువాడు ఎట్లు తీసికొన్న అట్లే. ఎన్నో ఏండ్లు ఇచ్చట బ్రతికిన మనము ఆ 'నమ్మ'ను 'మా' అని అనువదించుకొని దూరము నిలుచుచున్నామా, 'మన' అని అనువదించుకొని లోనికి పోవుచున్నామా? దీనిని నిర్ణయింపవలసినది వారు కాదు, మనమే.

ఆటలో ఈ మాట ఎట్లు మారునో అమెరికాలో 1976లో చాల్దీని మొదలగు పరిశోధకులు చూపిరి. తమ విశ్వవిద్యాలయపు జట్టు గెలిచినప్పుడు విద్యార్థులు "గెలిచితిమి" అనుచు తమ్మును కలుపుకొనుచుండిరి. ఓడినప్పుడు "వారు ఓడిరి" అనుట హెచ్చినది. ఇది లోకసహజము. అయితే సీజను టిక్కెట్టుదారు ఈ సహజమునకు ఎదురీదువాడు. ఓటమి నాడును "ఓడితిమి" అనగలవాడే నిజమైన టిక్కెట్టుదారు. 2018లో ఆ చెన్నయి ఆట ముగిసిన రాత్రి, మన యువకులిద్దరును తిరిగి వచ్చి మాతో అన్నమాట మాకు జ్ఞాపకమున్నది. "ఓడిపోయాము, మాస్టారూ" అనిరి. ఓడిపోయినారు అనలేదు. ఆ ఇద్దరిలో ఒకడు నేడు "మనది కాదు" అనినవాడే.

కనుక అతనికి మేము చెప్పదలచినది ఇది. నాయనా, నీవు ఇదివరకే "ఓడిపోయాము" అంటివి. ఆ మాటను ఎవరును నీచేత అనిపింపలేదు. హైదరాబాదు పోయిన దుఃఖము న్యాయమైనది. దానిని మరువుమని మేము అనము. కాని ఒక ఊరిపై ప్రేమ మరియొక ఊరిపై ప్రేమను తగ్గింపదు. తులసీదాస్ బలరాం చరిత్ర చూడుము. సికిందరాబాదు చెంత తమిళ కుటుంబమున 1936లో పుట్టెను. హైదరాబాదువారు అతనిని తమవాడనిరి. ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడగా బెంగాలీలు తమవాడనిరి. బెంగాలులోనే స్థిరపడి, 2023లో అక్కడనే కన్నుమూసెను. ఏ ఊరివాడని అడిగినచో ఏమి చెప్పుదము? ముగ్గురు 'మావాడు' అనిన మనిషికి కొరత యేమి?

మానదలచినవారికి మేము ఇచ్చు సలహా కూడ కలదు. మానుట అపరాధము కాదు. షిఫ్టు మారినను, ఇంట పసిబిడ్డ ఉన్నను, ధర మోయలేకున్నను మానవచ్చును. కాని మౌనముగ మానవలదు. ఎందుకు మానుచున్నారో క్లబ్బువారికి నాలుగు వాక్యములు వ్రాయుడు. లివర్‌పూల్‌వారు లేచి వెళ్ళి చెప్పిరి. మీరు ఉత్తరము వ్రాసి చెప్పుడు. కొనదలచినవారు ముందుగ మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఆటల పట్టిక వెలువడినదా? అందులో నా షిఫ్టుకు సరిపడునవి ఎన్ని? ఆట ముగిసిన పిదప బొమ్మసంద్రకు చివరి మెట్రో అందునా? ఈ మూడింటికి సరియైన బదులు దొరికిన పిమ్మటనే పైకము చెల్లింపుడు. నియమములు ఒప్పుకొన్నచో, షిఫ్టులు వేరైన ఇద్దరు కలిసి ఒక టిక్కెట్టును పంచుకొనవచ్చును. ఆ ఏర్పాటునకు పఠనమందిరపు పుస్తకములో పేర్లు వ్రాయించుటకు కార్యదర్శిగారు అంగీకరించియున్నారు.

చివరగ ఒక్క మాట మన సంఘమును గూర్చి. ఈ ప్రసంగమును సిద్ధపరచుచుండగా మాకు ఒక అనుమానము కలిగినది. మన సంఘపు సాంవత్సరిక చందా కూడ సీజను టిక్కెట్టే కదా! ముందుగ చెల్లించి, సంవత్సరమంతయు ఏమి జరుగునో తెలియక, పక్క కుర్చీని నమ్మి చేరుచున్నారు. ప్రతి సంవత్సరము కొందరు మరల చెల్లింపరు. కార్యవర్గములో కూర్చున్న మేము, వారికి భాషాభిమానము తగ్గినదని సులభముగ తీర్మానించుచు వచ్చితిమి. ఇప్పుడు ఆ తీర్మానమును మరల విచారింపవలసియున్నది. సభలను ఆదివారము సాయంకాలము ఆరింటికి పెట్టుచున్నాము. రాత్రి షిఫ్టువారు ఆ వేళకే బయలుదేరవలెను. గడచిన యేడు చందా పెంచితిమి, సభ్యులను అడుగలేదు. రానివారి కుర్చీ ఖాళీగ నున్నదని గమనించితిమి గాని, ఒక్కరి ఇంటికైన పోయి అడుగలేదు. దారి, ధర, అనాదరము: మూడును మనలోనే కలవు.

అందుచేత వచ్చు నెల సభను ఉదయము పదింటికి జరుపవలెనని మేము ప్రతిపాదించుచున్నాము. చందా విషయము ఆ సభలోనే అందరియెదుట చర్చింతము. ఈ నెలలో కార్యవర్గమువారము ఇద్దరిద్దరుగ, చందా మానినవారి ఇండ్లకు పోయి రాదలచితిమి. మొదట పోవలసిన ఇల్లు ఏదో మీకు తెలియును. ఆనాడు చదరంగపు బల్ల పక్కనుండి లేచి వెళ్ళిన ఆ యువకుడు నేటి సభకు కూడ రాలేదు. ఆ వరుసలో అతని కుర్చీ ఖాళీగనే ఉన్నది.